అమ్మ బొమ్మకు ఏ రంగు చీర

నంద్యాలకు కొత్తగా వచ్చినవాళ్లు ఊరంతా దుమ్ము రంగులో ఉందని పెదవి విరుస్తారు. దుమ్ములో ఎన్ని రంగులుంటాయో పాపం వాళ్లకు తెలియదు. రైల్వే గేటు దగ్గర లేచేది వేయించిన శనగపిండి రంగు. కుందూ వంతెన మీద లేచేది బూడిద కలిపిన తేనె రంగు. మార్కెట్ యార్డులో మిరపకాయ బస్తాలు దించే రోజుల్లో లేచేదైతే కళ్లతో చూసే రంగు కాదు, ముక్కుతో చూడాలి. ఆ పక్కకు పోయినవాడు ఎర్రగా తుమ్ముతాడు. ఇందులో నేను పెంచి చెప్పింది రవ్వంత కూడా లేదు. ఉంటే రెండు రవ్వలు.

నాకు ఈ జబ్బు ఎప్పుడు పట్టుకుందో చెప్పలేను గానీ ఎక్కడ పట్టుకుందో చెప్పగలను. నేనొక విత్తనాల కంపెనీలో ప్యాకింగు హాలు చూసుకుంటాను. విత్తనాలకు మందు పట్టించేటప్పుడు రంగు కూడా కలుపుతారు, ఎవరూ తిండిగింజలనుకొని వండుకోకుండా. అందుకని మా హాల్లో జొన్నలు గులాబీగా, మొక్కజొన్నలు ఎర్రగా, పత్తి గింజలు నీలంగా కుప్పలు పడి ఉంటాయి. దేవుడు సృష్టి చేసేటప్పుడు రంగుల డబ్బా చెయ్యిజారి మా హాల్లోనే పడిందని నా నమ్మకం. అక్కడ పనిచేసే ఆడవాళ్లు గ్లౌజులు తొడుక్కున్నా మణికట్టు దగ్గర సన్నగా గాజు మాదిరి రంగు మిగులుతుంది. సాయంత్రం వాళ్లు గేటు దాటేటప్పుడు ఆ రంగుగాజు చూసి, ఆ పొద్దు ఎవరు ఏ బల్ల దగ్గర కూర్చున్నారో చెప్పేసేవాణ్ని. ఇరవై ఏండ్లలో ఒక్కసారి కూడా తప్పలేదు. తప్పిన మూడుసార్లూ వాళ్లే బల్లలు మారినారు.

హాల్లో నుంచి ఆ రంగులు నా వెంట వీధుల్లోకి కూడా వచ్చినాయి. కనబడిన ప్రతి రంగుకూ పేరు పెట్టడం మొదలుపెట్టినాను. మా సందు మొదట్లో ఒకాయన ఇంటికి కొత్తగా వేయించిన రంగు పేరు ‘జ్వరంలో తిన్న బత్తాయి’. దాన్ని చూసి ఓర్వలేక ఎదురింటాయన వేయించిన ఊదా రంగు ‘పెండ్లిలో అలిగిన వదిన’. ఉగ్గాని బండి దగ్గర ఒక్క పసుపుకే మూడు పేర్లు. ఏడు గంటలకు బాణలిలో పడే బొరుగులు ‘కొత్తకోడలు’, ఎనిమిదిన్నరకు ‘పాతకోడలు’, తొమ్మిదిన్నరకు అడుగంటినది ‘అత్త’. సోడా బండి మీద వరుసగా పేర్చిన సీసాల్లోంచి మధ్యాహ్నపు ఎండ దూరి ఎదురుగోడ మీద పచ్చటి మరకలు వేస్తుంది. టీ తాగే నెపంతో ఆ మరకలు గోడమీద జానెడు జరిగేదాకా నిలబడి చూడటం నాకు సినిమాతో సమానం. ఫైట్లు లేవు, అదొక్కటే లోటు.

ఇవన్నీ మోసుకొని ఇంటికి పోయి, వాకిట్లో చెప్పులు విడుస్తూనే దించేవాణ్ని. మా ఇంట్లో అమ్మ, నాయన, నా భార్య, కూతురు, అందరూ వినాల్సిందే. బెండకాయలు తెమ్మని పంపితే రంగులు తెచ్చినావని నా భార్య సంచి దులిపి చూపించేది. అమ్మ మాత్రం చెయ్యి ఆపకుండా వినేది. బియ్యం ఏరుతూనో, పొలం నుంచి తెచ్చిన కందికాయలు ఒలుస్తూనో, నువ్వు చెప్పేదాంట్లో సగం తీసేసి ఇంటాండా, చెప్పు అనేది. సగం తీసేస్తుందని తెలిసి నేను రెండింతలు చెప్పేవాణ్ని. అట్లా లెక్క సరిపోయేది మాకు.

మా చేను ఆళ్లగడ్డ అవతల ఉంది. నాయనా అమ్మా నంద్యాలలో మా దగ్గరికి వచ్చి చాలా ఏండ్లయినా చేనును మాత్రం వదల్లేదు. తెల్లారి మొదటి బస్సుకు ఇద్దరూ పోయేవాళ్లు, సాయంత్రం బస్సుకు వచ్చేవాళ్లు. ఆఫీసుకు పోయేవాళ్లు కూడా అంత కచ్చితంగా పోరు. పోయినేడు ఒక మధ్యాహ్నం అమ్మ కందిచేన్లో గట్టు మీద కూర్చొని, కొంచెం కళ్లు తిరుగుతాండాయి అన్నదంట. అంతే. నేను ఎంత పెంచి చెప్పేవాణ్నైనా ఆ మాటకు ఒక అక్షరం కలపలేకపోయినాను.

అమ్మ పోయినాక నాయన మాట్లాడ్డం మానేసినాడు. అన్నం పెడితే తినేవాడు, బస్సు టయానికి లేచి తువ్వాల భుజాన వేసుకొని గడపదాకా వచ్చేవాడు, మళ్లీ పోయి మంచం మీద కూర్చునేవాడు. పది నెలలు అట్లే గడిచినాయి. సంవత్సరీకం రెండు నెలలుందనగా ఒకరోజు నేను చెప్పులు విడుస్తుంటే పిలిచి, మీ అమ్మకు బొమ్మ చేపిద్దాం, చేన్లో పెడదాం అన్నాడు.

నాకు ప్రాణం లేచి వచ్చినంత పనైంది. ఆళ్లగడ్డ పక్కనే చేను పెట్టుకొని బొమ్మ చేయించకపోతే అది ఆళ్లగడ్డకే అవమానం. అక్కడ శిల్పుల వీధిలో పొద్దున ఉలి చప్పుడు లేకపోతే కోళ్లు కూడా లేవవు. నల్లరాతిలో చేపిద్దాం నాయనా, వెయ్యేండ్లు చెక్కుచెదరదు అన్నాను.

“రాయి వద్దురా. రంగులేసింది కావల్ల. చేన్లోకి వచ్చేటప్పుడు ఎట్లుండెనో అట్ల. రంగు తప్పితే ఎవురో ఆడమనిషి మన చేన్లో నిలబడినట్లుంటాది. నేను ఆడికి పోలేను.”

చీర రంగు నువ్వే చెప్పు, నీకు రంగులు బాగా తెలుసు గదా అన్నాడు.

ఆ మాటకు నేను ఎంత పొంగిపోయినానో చెప్తే నాకే సిగ్గు. నా జీవితంలో నాయన నన్ను ఒక విషయంలో తెలిసినవాడని ఒప్పుకోవడం అదే మొదటిసారి. నలభై ఎనిమిదేండ్ల వయసులో నాకు పట్టా చేతికొచ్చినట్టయింది.

శిల్పి ఆవరణలోకి అడుగుపెడితే ముందు లోకాలన్నీ కలిసిపోయినట్టుంటుంది. తల పెట్టని ఆంజనేయుడి పక్కన కళ్లజోడు పెట్టుకొన్న ఎవరి తాతో నిలబడి ఉంటాడు. చేతులు ఇంకా అతికించని అమ్మవారు ఓపిగ్గా ఎదురుచూస్తుంటుంది. నాయకుల విగ్రహాలు తలా ఒక దిక్కుకు వేలు చూపిస్తుంటాయి. అందరి మాటా విని నడిస్తే మనిషి అక్కడే గిరగిరా తిరగాలి. గోడ వారగా మాత్రం మామూలు మనుషుల వరుస. ఫైబరుతో చేసి, మనుషుల ఎత్తు నిలబెట్టి, రంగులేసిన అమ్మలు, నాయనలు. ఒకరిద్దరికి మెడదాకా పాలిథీన్ కవరు చుట్టి ఉంది, వాన పడితే తడవకుండా.

శిల్పి నాకంటే చిన్నవాడు. కనురెప్పల మీద కూడా దుమ్ము తెల్లగా పేరుకొని, పుట్టుకతోనే ముసలివాడైనట్టుంటాడు. ఫోటోలు చూపించమన్నాడు. ఇక్కడే మొదటి చిక్కు. మా అమ్మకు ఫోటో అంటే పట్టుచీర. ఫోను పైకెత్తడం ఆలస్యం, ఉండప్పా అని లోపలికి పోయి పెట్టెలోంచి చీర తీసి, మార్చుకొని, కొంగు రెండు భుజాల మీదుగా కప్పుకొని వచ్చి నిలబడేది. కట్టుకొన్న బట్టల్లో తీస్తే తుడిపెయ్యమనేది. కాబట్టి ప్రతి ఫోటోలోనూ ఆమె ఎవరి పెండ్లికో పోతున్నట్టే ఉంది. ఒక్క ఫోటోలో మామూలుగా ఉందనుకుంటే అది మా అమ్మాయి ఫోనులో ఏదో ఆట ఆడుతూ తీసింది. అందులో మా అమ్మకు, అంటే దాని జేజికి, కుక్కచెవులు మొలిచినాయి, చుట్టూ గులాబీ రంగు మంచు.

అయినా మొహం ఆ మనిషి అద్భుతంగా దించినాడు. మూడు వారాలకు బంకమట్టితో తల చేసి రమ్మంటే పోయి చూసినాను. కుడి కనుబొమ్మ రవ్వంత పైకి లేచి ఉంది, సగం తీసేసి వింటున్నప్పుడు లేచినట్టు. నేను రెండడుగులు వెనక్కి వేసి ఎవరి తాత కాలో తొక్కినాను.

అప్పుడు అడిగినాడు, చేన్లోకి కట్టేది ఏ రంగన్నా అని.

నోరు తెరిచినాను. ఏమీ రాలేదు. మా ఊళ్లో ఏ గోడ ఏ రంగో నిద్రలో లేపి అడిగినా చెప్పే నోరది. పరువు పోతుందని వంకాయ రంగు అన్నాను.

“ఏ వంకాయన్నా? నల్లదా, చారలదా?”

చారలది అన్నాను.

“ఎక్కువ తెలుపా, ఎక్కువ ఊదానా?”

ఇంటికి పోయి చెప్తానన్నాను. ఆయన నవ్వలేదు. తొందరేం లేదు గానీ పూర్తిగా ఆరాలంటే సంవత్సరీకానికి నాలుగు రోజుల ముందు రంగు పడాల అని మాత్రం అన్నాడు. చాలామందిని చూసినవాడిలాగా అన్నాడు.

ఇంటికొచ్చి అందర్నీ విడివిడిగా విచారించినాను, పోలీసు స్టేషన్లో మాదిరి. నా భార్య మెరూన్ అన్నది, అంచు ఊడిపోయింది కూడా అన్నది. కూతురు నీలం అన్నది, అందులో అనుమానమే లేదన్నది. బండి ఆత్మకూరులో ఉన్న అక్కకు ఫోను చేస్తే ఆకుపచ్చ అని ఒక్క మాటలో చెప్పి, కన్నతల్లి చీర రంగు తెలియని నీ బతుకూ ఒక బతుకేనా అని తర్వాత చాలా మాటల్లో చెప్పింది. నాయన్ను అడిగితే గోడ వైపు తిరిగి, ఎప్పుడూ కట్టేదే అన్నాడు.

చీరలు ఉంటే ఈ గోల లేదు. మా వైపు మనిషి పోయినాక వాళ్లు కట్టి విడిచిన బట్టలు ఇంట్లో ఉంచుకోరు, దినాల లోపలే ఇచ్చేస్తారు. ఆ పని చేసింది నేనే. దండెం మీద ఉన్నవి, మంచం కింద పెట్టెలోవి అన్నీ దుప్పట్లో వేసి మూట కట్టి ఇచ్చేసినాను. కళ్లు తెరుచుకొనే కట్టినాను. మూట ముడి ఎంత గట్టిగా వేసినానో ఇప్పటికీ వేళ్లకు గుర్తుంది. అందులో ఏముందో కళ్లకు గుర్తులేదు.

మూట కట్టకముందే అక్క ఒక్క చీర దొంగతనంగా తీసుకొందని తర్వాత తెలిసింది. దాన్ని బొంతలో పెట్టి కుట్టించుకొంది. ఆ ఆదివారం బస్సెక్కి బండి ఆత్మకూరు పోయినాను. ఇద్దరం వాకిట్లో కూర్చొని బొంత ఒక మూల కుట్లు విప్పినాము. పైన ఎండకు వెలిసిపోయింది గానీ, లోపల మడత మధ్యలో రంగు ప్రాణంతో ఉంది. లేత ఆకుపచ్చ. అక్క నావైపు చూసిన చూపులో ఒక సామ్రాజ్యం గెలిచిన గర్వముంది. సరిగ్గా అప్పుడే మంచం మీదున్న వాళ్లత్త మెడ సాచి, నా చీర యాడిది మీకు, ఆర్నెల్ల నుంచి ఎతుకుతాండా అన్నది. బొంతలో ఉన్న చీరలు మొత్తం నాలుగు. ఏది ఎవరిదో అక్కకే తెలియదు. మిగతా కుట్లు విప్పడానికి మాకిద్దరికీ ధైర్యం చాలలేదు. మళ్లీ కుట్టేసి, కాఫీ తాగి వచ్చేసినాను.

ఆ తర్వాత పదిరోజులు నేను నంద్యాలను చూసిన చూపు వేరు. ఇదివరకు రంగులు నా దగ్గరికి వచ్చేవి. ఇప్పుడు నేను వాటి వెంట పడినాను, తప్పిపోయిన మేకను వెతికేవాడిలాగా. బట్టల బజారులో ఒక్కో దుకాణం ముందు నిలబడి వేలాడే చీరలన్నీ పైనుంచి కిందికి చూసినాను. అన్నీ కొత్త రంగులు, దేంట్లోనూ అమ్మ లేదు. పొద్దున్నే బస్టాండుకు పోయి, పొలం పనులకు పోయే పెద్దవయసు ఆడవాళ్లను చూస్తూ నిలబడినాను. మూడోరోజు వాళ్లలో ఒకామె టిఫిన్ క్యారియరు కింద పెట్టి నా దగ్గరికే వచ్చింది.

“ఏందప్పా, రోజూ ఈడ నిలబడి అట్ల సూస్తాండావు?”

చీర చూస్తాండా అక్కా అన్నాను. నిజమే చెప్పినాను. లోకంలో నిజం అంత తప్పుగా వినిపించిన చోటు ఇంకోటి ఉండదు. ఆళ్లగడ్డ బస్సు అంత తొందరగా ఎప్పుడూ రాదు, ఆ పొద్దు వచ్చింది కాబట్టి బతికిపోయినాను.

చివరికి మా హాల్లో అందరికంటే పెద్దామెను అడిగినాను. ఆమెకు పొలాలున్నాయి, సీజను లేనప్పుడు కూలికి కూడా పోతుంది. జొన్నలు తూకం వేస్తూనే, చేన్లోకి కట్టేదానికి రంగు యాడుంటాది సారూ అన్నది. కొత్తదాన్ని ఎవరూ చేన్లోకి కట్టరు, ఊరికి కట్టి కట్టి, ఉతికి ఉతికి, రంగు పోయినాక దాన్ని చేనికి దించుతారు, చినిగేదాకా అదే అన్నది.

ఆ మాట విన్నాక ఒక విషయం మెల్లగా నా బుర్రకెక్కింది. ఏడాదికి ఒక చీర నేనే కొనేవాణ్ని అమ్మకు. పండక్కు మామూలు చీర కొంటే రంగుల మనిషిగా నా పేరేం కావాలి? దుకాణంలో కట్టలు కట్టలు దించి, దుకాణమాయన నీరసపడి కుర్చీలో కూలబడేదాకా ఎంచి, నెమలిమెడ రంగని, వేప పండు రంగని, తడిసిన నాపరాయి రంగని పేర్లు చెప్పి మరీ చేతికిచ్చేవాణ్ని. అమ్మ బాగుందిరా అని మడత విప్పకుండా పెట్టెలో పెట్టేది. పెండ్లికో పేరంటానికో ఒకసారి కట్టేది. అవన్నీ ఫోటోల్లో ఉన్నాయి. నేను తెచ్చిన రంగు ప్రతిదీ నాకు గుర్తుంది. మిగతా మూడొందల అరవై రోజులూ తెల్లారి నా ముందు నుంచే టిఫిను డబ్బా పట్టుకొని వాకిలి దాటిపోయిన ఆ మనిషి ఏం కట్టుకొని పోయిందో చూడటానికి నేను పేపరు మీద నుంచి తల ఎత్తలేదు.

శిల్పి చెప్పిన గడువు వచ్చేసింది. ఇక నాయన్నే తీసుకొని పోదాం, చూడగానే ఆయనకు గుర్తొస్తుంది, నా పరువూ దక్కుతుంది అనుకున్నాను. దాదాపు ఏడాది తర్వాత ఆయన ఆ బస్సెక్కడం అదే. కిటికీ పక్కన కూర్చోబెట్టినాను. శిరివెళ్ల దాటినాక రోడ్డుకు రెండు వైపులా నల్లరేగడి, దాని మీద పత్తి పగిలి తెల్లగా, దూరంగా నల్లమల నీలంగా. అలవాటు కొద్దీ నోరు ఊరుకోలేదు. చూడు నాయనా, ఆ కొండలు ఈపొద్దు కొత్త స్లేటు రంగులో ఉండాయి అన్నాను.

ఊరికే ఉండు అన్నాడు నాయన.

ఆవరణలోకి పోయేసరికి అమ్మ గోడ వారగా వరుసలో చివర నిలబడి ఉంది. ఎడమచేత్తో కొంగు నడుముకు దోపుకొని, కుడిచేతిలో కొడవలి. మొహానికి, చేతులకు రంగు పడింది. ముక్కుపుడక కూడా మెరుస్తోంది. భుజం నుంచి కింద పాదాల దాకా చీర మొత్తం తెల్లగా ఉంది.

నాయన అక్కడే ఆగిపోయినాడు. తెల్లచీర యాల కట్టినారు అని అడిగినాడు. గొంతు నాకు కొత్తగా వినిపించింది. ముత్తైదువగా పోయిన మనిషి, తాను బతికి ఉండగా తన ముందే తెల్లచీరలో నిలబడింది. ఆయనకు ఎట్లుండాలి? అది చీర కాదు పెద్దాయనా, రంగు పట్టడానికి కింద వేసే ప్రైమరు, దీని మీద మీరు చెప్పిన రంగు వేస్తాము అని శిల్పి గబగబా చెప్పి, ఒక పీట తెచ్చి నీడలో వేసినాడు. తర్వాత రంగుల కార్డు తెచ్చి చేతిలో పెట్టినాడు. పెండ్లి శుభలేఖల కట్టంత లావుంది అది. ఒక్క ఎరుపే ఏడు పేజీలు.

నాయన ఒక్కో పేజీ తిప్పినాడు. ఆయనకు ఒక కంటికే శుక్లాల ఆపరేషనైంది. ఆ కన్ను మూసి చూసినాడు, ఇంకో కన్ను మూసి చూసినాడు. ఒక కంటికి ఉన్న రంగు ఇంకో కంటికి లేదని నాకు తెలుస్తూనే ఉంది. చివరి పేజీ దాకా పోయి, మళ్లీ మొదటికి వచ్చి, కార్డు మూసి ఒళ్లో పెట్టుకొన్నాడు.

“నాకూ గుర్తు ల్యాదురా.”

ఏంది నాయనా అన్నాను.

“మీ అమ్మ చీర. యాభై ఏండ్లు గట్టు మీద ముందు ఆమె, ఎనక నేను. కాళ్లు గుర్తుండాయి. మడమ పగుళ్లు గుర్తుండాయి. కొడవలి పట్టుకొన్న చెయ్యి గుర్తుండాది. చీర దగ్గరికొచ్చేసరికి ఏం కనపడదు. నువ్వు రంగుల మనిషివి గదా, నీకన్నా తెలుసుంటాదని బొమ్మ అడిగినా.”

నేను ఆయన పక్కన కింద కూర్చున్నాను. ఆ పక్కన ఒకరు ఉలితో ఏదో దేవుడి కిరీటం చెక్కుతున్నారు. ఆ చప్పుడు ఆగితే బాగుండునని, ఆగితే మేం ఏం మాట్లాడుకోవాలో తెలియదు కాబట్టి ఆగకపోతేనే బాగుండునని, రెండూ అనిపించింది. ఆ పది నెలలూ ఆయన మంచం మీద కూర్చొని వెతుకుతున్నది ఇదా? చెప్పి ఉంటే నేను కూడా వెతికేవాణ్ని. వెతికి ఏం తెచ్చేవాణ్నో ఇప్పుడు తెలిసింది కదా.

శిల్పి కొంచెం దూరంలో నిలబడి నావైపే చూస్తున్నాడు. పొద్దు వాలుతోంది. ఈ సాయంత్రం రంగు పడకపోతే సోమవారం సంవత్సరీకానికి అమ్మ తెల్లచీరతోనే చేన్లో నిలబడాలి.

నా పక్కన మూత తీసిన డబ్బా ఒకటి ఉంది. కాలిన ఇటుక రంగు, అందులో రవ్వంత బెల్లం. కుంచె అంచున ఇంకా తడిగా ఉంది. నా చెయ్యి దాని వైపు పోయింది. ఎందుకు పోయిందని అడిగితే, దగ్గరగా ఉంది కాబట్టి పోయింది.

“ఇదే నాయనా. ఇప్పుడు గుర్తొచ్చింది.”

నాయన డబ్బాలోకి వంగి చూసినాడు. ఒక కన్ను మూసి, ఇంకో కన్ను మూసి.

“ఇదేనా?”

ఇదే అన్నాను. నా జీవితంలో ఒక్క విశేషణం కూడా చేర్చకుండా చెప్పిన అబద్ధం అదొక్కటే. అందుకనే నమ్మినాడేమో.

నాయన చేతులు కడుక్కోవడానికి కుళాయి దగ్గరికి పోయినప్పుడు శిల్పి చిన్నగా, ఆ రంగు ప్యాపిలి వాళ్లమ్మ బొమ్మకు కలిపిందన్నా, ఇద్దరికీ సరిపోతాది అన్నాడు. వరుసలో మూడో ఆమె. గుండ్రటి మొహం, చేతిలో పూలసజ్జ. నేను ఆమె వైపు చూడలేకపోయినాను. తిరిగొచ్చిన నాయన్ను, అంచు ఏ రంగు పెద్దాయనా అని శిల్పి అడిగితే, ఆయన తడుముకోలేదు.

“పసుపు. సన్నంగా. ఏలెడు కూడా ఉండదు.”

నిజంగా గుర్తొచ్చి అన్నాడో, ఇటుక రంగు చూసినాక దానికి పసుపు నప్పుతుందని అన్నాడో, అడగలేదు. అడిగే ముఖం నాకు లేదు.

సోమవారం చేన్లో గట్టు పక్కన చిన్న దిమ్మె కట్టి నిలబెట్టినాము. బంధువులంతా వచ్చినారు. అక్క బొమ్మను చూసి, చీర కొంగు పట్టుకొని ఏడ్చింది. పట్టుకొన్నది ఫైబరని తెలిసినాక కూడా వదల్లేదు. కాసేపటికి ముక్కు తుడుచుకొని, ఇదే, నేను చెప్పింది ఇదే గదా అన్నది. ఆకుపచ్చ అన్నావు గదా అక్కా అంటే, నేనెప్పుడన్నాను, ఈ రంగే అన్నా అని నా మీదికే వచ్చింది. నా భార్య మెరూన్ అని చెప్పింది దీన్నేనంట. కూతురు ఫోను పైకెత్తి ఫోటో తీస్తూ, జేజి ఈ చీరలోనే నాకు జడ వేసేది అన్నది. నీలం సంగతి ఎత్తలేదు.

వాళ్లను నేను ఏమని అనగలను? నాకే ఇప్పుడు అమ్మ ఆ చీరలో తప్ప కనబడదు. పేపరు మీద నుంచి తల ఎత్తకుండా కూర్చున్న పొద్దులన్నీ గుర్తుచేసుకొంటే, అందులో వాకిలి దాటేటప్పుడు ఆమె ఇటుక రంగు కొంగు, సన్నటి పసుపు అంచుతో, తలుపు అంచుకు రాసుకొని పోతుంది. అంతకుముందు అక్కడ ఏమీ లేదని నాకు తెలుసు. ఏమీ లేనిది ఎట్లుండేదో కూడా ఇప్పుడు గుర్తులేదు. చిన్నప్పుడు నాకు జ్వరమొస్తే పక్కన కూర్చున్న అమ్మ కూడా ఆ చీరే కట్టుకొని కూర్చుంటోంది. ప్యాపిలిలో ఎవరిదో ఒక ఇంట్లో వాళ్లమ్మ కూడా అట్లే కూర్చుంటూ ఉంటుంది.

నాయన మళ్లీ చేనికి పోతున్నాడు. ఆదివారాలు నేనూ తోడు పోతున్నాను. మొన్న పక్క చేనాయన ట్రాక్టరు ఆపి, గట్టెక్కి వచ్చి బొమ్మ ముందు నిలబడినాడు. అచ్చం వదినే నిలబడినట్టుంది, ఆ చీర కూడా ఎప్పుడో చూసినట్టే ఉందన్నాడు. నాయన తువ్వాలతో బొమ్మ పాదాల మీద దుమ్ము దులుపుతూ, ఆ చీర నేనే తెచ్చినా అన్నాడు. నంద్యాలలో కొని, బస్సు దిగేసరికి వాన పట్టుకుంటే చొక్కాలో దాచుకొని తెచ్చినాడంట. ఇల్లు చేరేసరికి చొక్కా అంతా ఎర్రగా రంగు దిగిందంట, అమ్మ రెండు దినాలు తిట్టిందంట. ఇంతవరకూ ఎన్నడూ వినని ఆ వాన ఆయన నోట్లోంచి చినుకు చినుకుగా పడుతుంటే నేను కొడవలి పట్టుకొన్న ఆ చేతి కిందే నిలబడి ఉన్నాను.

“ఈడు కూడా ఉండాడు ఆ పొద్దు నా ఎంబడి. అడుగు కావాలంటే” అని నాయన నా వైపు చెయ్యి చూపించినాడు. “చెప్పురా. ఆ రంగు ఎట్ల దిగిండెనో, నువ్వైతే బాగా చెప్తావు.”

పక్క చేనాయన నవ్వుమొహంతో నా వైపు తిరిగినాడు. నాయన కూడా తిరిగినాడు, ఆపరేషనైన కన్ను నీళ్లు కారుతుంటే తుడుచుకోకుండా. ఉండాను నాయనా అన్నాను. వాళ్లిద్దరూ నేను చెప్తానని అట్లే నిలబడినారు.